ఈత కల్లుకు దిక్కెవరు?

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతరలో మంచి ఈత కల్లు వెతుక్కోవడం నామర్దా అని మిత్రుడొకడు ఈసడించాడు. సీసా బీరు మాత్రం మర్యాదట!

1971లో బ్రిటన్‌కు చెందిన నలుగురు మిత్రులు ‘కామ్రా’ అనే సంఘం పెట్టారు. పీపాలోనే ఈస్టు బ్రతికి ఉండి పక్వమయ్యే బీరును కర్మాగారాల సరుకు మింగేస్తోందని వారి ఆవేదన. దాన్ని మనం సంస్కృతి అంటాం. మన కల్లు అంతకన్నా సజీవం. వేకువన కుండలో తియ్యగా ఉన్న రసం గాలిలోని ఈస్టుతో గంటల్లో పొంగి, సాయంత్రానికి పులిసిపోతుంది. బిరడా బిగించి ఆదోని గోదాములో దాచడానికి అది లొంగదు. చెట్టునూ గీసేవాణ్ణీ విడిచి దానికి బ్రతుకు లేదు.

2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలు తీసింది, నిజమే. క్లోరల్ హైడ్రేటు, ఆల్ప్రజోలం కలిపేవాడు హంతకుడే. కాని ఆ పాపం కల్తీది, ఈతచెట్టుది కాదు. కల్తీ పాలు దొరికాయని పాడి మానుకున్నామా?

నేత కోసం 1938లోనే సహకార సంఘం కట్టుకున్న ఊరు ఎమ్మిగనూరు. మన రాష్ట్రంలో గీతకార్మికులకూ సంఘాలున్నాయి. లేనిదల్లా, “నా కుండలో ఏముందో పరీక్షించి చూపు” అని నిలదీసే తాగరి సంఘమే. సిగ్గుపడి చాటున తాగేవాడికి విషమే దక్కుతుంది. జాతరలో బాహాటంగా అడుగుదాం. అడగడంలో నామర్దా ఏముంది?