అంటు ఎత్తే చేతులు

మా చిన్నమ్మ టౌన్లో ఒక నర్సింగ్ హోంలో ఆయా. మొన్న చెత్త సంచి ఎత్తుతుంటే వాడేసిన సూది అరచేతిలో దిగింది. మర్నాడు ఫోన్లో మాటల మధ్య చెప్పింది. "హెపటైటిస్ బి టీకా వేయించారా?" అనడిగాను. "అయ్యి నర్సమ్మలకేస్తారు, మాకెందుకేస్తార్రా?" అంది.

అదే చిన్నమ్మ, రాత్రి నర్సు చాలకపోతే సెలైన్ బాటిల్ మారుస్తుంది. శిక్షణ లేని మనిషి చేత ఆ పని చేయించడం రోగికే ప్రమాదం. జీతం మిగులుతుందంటే ఆమె సిబ్బంది. టీకా అనేసరికి ఎవరో బయటి మనిషి!

సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం. నర్సింగ్ విద్యార్థులు ఈ ఐదూ వల్లెవేస్తారు. కానీ మందు ఒంట్లోకి వెళ్ళగానే పని అయిపోదు. ఆ సూదిని వాడిన చెయ్యే, మూత తొడగకుండా, గుచ్చుకోని తెల్ల డబ్బాలో వేసినప్పుడే అయినట్టు.

ఇది నా సొంత కోరిక కాదు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు సూదులకు తెల్ల డబ్బా పెట్టమన్నాయి. వ్యర్థాలు ముట్టే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు, శిక్షణ, ఏటా ఆరోగ్య పరీక్ష ఉండాలన్నాయి. టీకా లేని మనిషికి హెపటైటిస్ బి రోగి సూది గుచ్చుకుంటే వైరస్ సోకే ప్రమాదం నూటికి 30 దాకా ఉంటుంది. ఆపడానికి కావలసింది మూడు డోసులు.

"జాగ్రత్తగా ఉండొద్దా?" అని చిన్నమ్మనే కసిరారట. సూదిని సంచిలో పడేసిన వాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు. నేను నర్సులను తప్పుపట్టడం లేదు. వార్డంతా ఒక్కరి మీద వదిలేసే యాజమాన్యాన్ని అడుగుతున్నాను.

తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి. అంటురోగం, అంటరానితనం, రెండు మాటల్లోనూ ఉన్నది ఒకటే 'అంటు'. రోగం కులం చూసి అంటుకోదు. దాన్ని ఎత్తిపోసే పని మాత్రం కులం చూసే ఇస్తారు. మీ ఊళ్ళో ఆయాలు, స్వీపర్లు ఏ పేటల నుంచి వస్తున్నారో ఒకసారి చూడండి.

చిన్నమ్మను ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాను. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపే, ఎంత ముందైతే అంత మంచిది, మొదలుపెట్టాలి. అవి మొదలయ్యాయి. టీకా మొదటి డోసు పడింది. రక్త పరీక్షలు ఇంకా ఉన్నాయి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈసారి ఎవర్ని చూడటానికి నర్సింగ్ హోంకి వెళ్ళినా రెండు ప్రశ్నలు అడగండి. తెల్ల డబ్బా ఎక్కడ? ఆయమ్మకు మూడు డోసులూ పడ్డాయా?

జై భీమ్.