చౌరస్తా బాగుపడాలి, చెట్టు నిలవాలి

పాతబడిన చౌరస్తాను బాగుచేయవద్దని ఎవరూ అనరు. పగిలిన బండలు, పొంగే మోరీలు, వెలగని దీపాలు ఎవరికీ ముద్దు కావు. అంగడి రోజున పల్లెల నుంచి మూటలతో వచ్చినవారు కాలు పెట్టే చోటు లేక అవస్థ పడుతుంటే పురపాలక సంఘాలు చూస్తూ కూర్చోవడం సమంజసమూ కాదు. పేచీ బాగుచేయడం దగ్గర లేదు. బాగుచేసే పని ఎక్కడ మొదలైనా మొదటి గొడ్డలి వేటు చెట్టు మీద పడటం దగ్గరే ఉంది. పగిలిన బండా, పచ్చని చెట్టూ ప్లానులో ఒకే లెక్కన అడ్డుగా కనిపించడం విచారకరం.

ఈ విషయంలో ఇంగ్లాండులోని ప్లిమత్ నగరం అనుభవం తెలుసుకోదగినది. 1941లో జర్మనీ బాంబు దాడులకు ఆ నగర మధ్యభాగం నేలమట్టమైంది. యుద్ధం ముగిశాక కొత్తగా కట్టుకున్న నగరానికి నడిబొడ్డున ఆర్మడా వే అనే విశాలమైన బాట ఏర్పడింది. తర్వాతి కాలంలో దాన్ని నడిచేవారికి విడిచిపెట్టి, చెట్లు పెంచారు. ఏళ్లు గడిచేసరికి అక్కడి కట్టడాలు పాతబడ్డాయి, ఆ చోటు కళ తప్పింది. దాన్ని కొత్తగా తీర్చిదిద్దాలని నగర పాలక మండలి సుమారు 1 కోటి 27 లక్షల పౌండ్లతో పథకం వేసింది. అందులో తప్పు లేదు. అయితే ఉన్న చెట్లలో చాలావాటిని తీసివేయాలన్నారు. నరికినవాటికంటే ఎక్కువ మొక్కలు నాటుతామన్నారు. ఊరి జనం ఒప్పుకోలేదు. వేలమంది సంతకాలు చేసి వద్దన్నారు.

2023 మార్చి 14న పాలక మండలి అధ్యక్షుడు ఉత్తర్వు మీద సంతకం చేశారు. అదే రాత్రి కంచె కట్టి, కాపలా పెట్టి, దీపాల వెలుగులో యంత్రాలతో చెట్లు కూల్చారు. అర్ధరాత్రి దాటాక కోర్టు ఉత్తర్వు వచ్చి పని ఆగేసరికి 110 చెట్లు నేలకొరిగాయి. మిగిలినవి కొద్ది మాత్రమే. తెల్లవారి జనం వచ్చి చూస్తే మొద్దులూ, రంపపు పొట్టూ మిగిలాయి.

ఆ తర్వాత జరిగింది కూడా గమనించవలసినదే. ఆ నెల తిరగకుండానే పాలక మండలి అధ్యక్షుడు పదవి వదులుకున్నారు. మే నెల ఎన్నికల్లో పాలక పక్షం అధికారం కోల్పోయింది. ఓటమికి చెట్లొక్కటే కారణమని చెప్పలేము. పాత ప్లాను పక్కన పెట్టి కొత్తది గీయవలసి వచ్చింది. ఖర్చు మొదటి అంచనాకు రెట్టింపు దాటింది. ఒక్క రాత్రిలో తేలిపోతుందనుకున్న వ్యవహారం ఏళ్ల తరబడి సాగింది. చెట్లూ పోయాయి, డబ్బూ పోయింది, పరువూ పోయింది. పదిమంది ముందు చెప్పుకోలేని పనిని చీకట్లో చేస్తే ఫలితం ఇలాగే ఉంటుంది.

ఎక్కడో సముద్రాల అవతలి సంగతి అనుకోనక్కరలేదు. వికారాబాద్ జిల్లా నుంచి చేవెళ్ల మీదుగా హైదరాబాద్ పోయే ప్రతివారికీ ఆ దారి మర్రిచెట్లు తెలుసు. పోలీసు అకాడమీ చౌరస్తా నుంచి మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్ల రోడ్డు వెడల్పు పనికి దాదాపు 900 మర్రులు అడ్డమన్నారు. విషయం హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లింది. పని ఏళ్ల తరబడి నానింది. ఈలోగా 2025 నవంబరు 3న మీర్జాగూడ వద్ద కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. ఆ కుటుంబాల ముందు నిలబడి, చెట్టే ముఖ్యం, రోడ్డు తర్వాత అని ఎవరూ అనలేరు, అనకూడదు కూడా.

అయితే ఆలస్యం ఎక్కడ పుట్టిందో చూడాలి. చాలా మర్రులను ఉన్నచోటే నిలిపేలా ప్లాను చివరకు మార్చారు. ఆ మార్పేదో మొదటి రోజే చేసి ఉంటే కోర్టు మెట్లెక్కే పని ఇంత ఉండేది కాదు, రోడ్డూ ఇంకా ముందే పడేది. చెట్టు వల్ల పని ఆగడం లేదు. చెట్టును చివరిదాకా లెక్కలోకి తీసుకోని ప్లాను వల్ల ఆగుతున్నది. రోడ్డుకైనా, చౌరస్తాకైనా ఇదే వర్తిస్తుంది.

ఒకటి నరికితే పది నాటుతామన్న మాట వినసొంపుగా ఉంటుంది. ఏ పది? రెండు తెలుగు రాష్ట్రాల పట్టణాల్లో త్వరగా పచ్చబడుతుందని కోనోకార్పస్ మొక్కలను వరసగా నాటారు. దానివల్ల చెరుపే ఎక్కువని తెలిసి 2022లో తెలంగాణ ప్రభుత్వమే వాటిని నాటవద్దన్నది. వేప నాటినా, కానుగ నాటినా అది ఎదిగి మనిషికి నీడ పట్టేసరికి ఏళ్లు గడుస్తాయి. మే నెల మధ్యాహ్నం బస్సు కోసం నిలబడిన ముసలమ్మకు జాలీ లోపలి జానెడు మొక్క ఏ నీడ ఇస్తుంది?

పెద్ద చెట్టు విలువ ఏ అంచనా పుస్తకంలోనూ రాయరు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్ మునిగినప్పుడు అఫ్జల్‌గంజ్‌లోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఆ చెట్టును జనం నేటికీ తలచుకుంటారు. వరదకు ముందు రోజు ఆ చెట్టు వెల ఎంతని అడిగితే, కట్టెల ధర చెప్పి ఉండేవారు.

ఇందులో పల్లెవారికి ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. అసలు పని వారికే ఉంది. పట్టణంలో ఇల్లున్నవాడు ఎండ ముదిరితే ఇంట్లోకి పోతాడు. కొలువున్నవాడు ఫ్యాను కింద కూర్చుంటాడు. తహశీల్దారు కార్యాలయానికో, బ్యాంకుకో, ఆసుపత్రికో, అంగడికో పొద్దున వచ్చి సాయంత్రం బస్సు దాకా ఎదురుచూసే పల్లెమనిషికి చౌరస్తా చెట్టే ఇల్లు. సద్దిమూట విప్పేది అక్కడే, కూరగాయల గంప దించేది అక్కడే, పసిపిల్లను పడుకోబెట్టేది అక్కడే. కానీ అతని ఓటు పురపాలక సంఘంలో లేదు. అందుకే ప్లాను గీసేటప్పుడు అతన్ని అడిగేవారు లేరు. ఈ లోపాన్ని అధికారులు గుర్తించవలసి ఉంది.

చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. ఏ చౌరస్తాను బాగుచేయదలచినా ముందు అక్కడి చెట్లను లెక్కపెట్టి ప్లానులో గుర్తించాలి, ఆ తర్వాతే అంచనాలు వేయాలి. ఆ ప్లానును అంగడి రోజున, బస్టాండు దగ్గర, తెలుగులో రాసి పెట్టాలి. వచ్చిపోయేవారి మాట వినాలి. మోరీని, బండలను చెట్టుకు అనుగుణంగా జరపాలి. మొదలు దాకా సిమెంటు పోస్తే వేరుకు నీరూ గాలీ అందక చెట్టు ఎండిపోతుంది కనుక చుట్టూ మట్టి వదలాలి. పుచ్చిపోయి కూలే ప్రమాదమున్న చెట్టును తీయవలసిందే. అయితే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకుని, కారణం కాగితం మీద పెట్టి, పట్టపగలు తీయాలి.

జనం బాధ్యత కూడా తక్కువది కాదు. చెట్టుకు మేకులు కొట్టి బోర్డులు తగిలించేదీ, మొదట్లో చెత్త తగలబెట్టేదీ, ఫ్లెక్సీ కనబడాలని కొమ్మలు నరికేదీ అధికారులొక్కరే కాదు. అలా చంపుతూ వచ్చిన చెట్టును రేపు ఏ ఇంజినీరో ఎండిపోయిందని రాస్తే అడ్డుచెప్పే నోరుండదు.

చౌరస్తాలు మారాలి. దీపాలు వెలగాలి, మోరీలు పారాలి, కూర్చునే బల్లలు రావాలి. ఆ బల్ల మీద కూర్చునేవారికి నీడ కూడా ఉండాలి. నీడ లేని బల్ల మే నెలలో ఎవరికీ పనికిరాదు.