మృగశిర మొదలు పుష్యమి వరకు కొర్రమీనును విడిచిపెట్టుడు

చెరువు గల ప్రతి గ్రామములోను ఎండలు ముదిరి నీరు తగ్గుసరికి చేపలవేట జోరుగా సాగును. కట్టమీద గాలము వేసికొని కూర్చుండు కుర్రవారు, మోకాలిలోతు నీటిలో ఊత పట్టుకొని తిరుగు పెద్దలు, తెల్లవారకముందే వల దించు మత్స్యకారులు, అందరి కన్ను కొర్రమీను మీదనే యుండును. ముల్లు తక్కువ, రుచి ఎక్కువ. తడిగుడ్డ చుట్టి తెచ్చినను సంతకు ప్రాణముతో చేరును. సాధారణముగా బొచ్చె ధరకు రెట్టింపు కంటె తక్కువ పలుకదు.

వేసవివేట మానుమని చెప్పుట మా ఉద్దేశము కాదు. చైత్ర వైశాఖములలో పట్టుకొనుడు, తినుడు, అమ్ముకొనుడు. కాని తొలకరి పడిన తరువాత రెండు మాసములు మాత్రము కొర్రమీను జోలికి పోవద్దనియు, ఈ కట్టుబాటును ఎవరో వచ్చి చెప్పువరకు ఆగక గ్రామమే చేసికొనవలెననియు రైతు సోదరులకును, గ్రామోద్యోగులకును మనవి చేయుచున్నాము.

విత్తనము ఎక్కడినుండి వచ్చును?

బొచ్చె, శీలవతి, ఎర్రమోసు నదిచేపలు. నిలిచిన చెరువు నీటిలో అవి తమంతట తాము పిల్లలను పెట్టవు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్ వద్ద డాక్టర్ హీరాలాల్ చౌదరిగారు పిట్యూటరీ గ్రంథిరసము ఎక్కించి ఈ జాతి చేపలచేత గుడ్లు పెట్టించుటలో కృతకృత్యులైరి. నేడు జూలై 10వ తేదీని దేశమంతట జాతీయ మత్స్యరైతుల దినముగా జరుపుట అందుకే. ఆ పద్ధతి వలననే ఇప్పుడు ఉత్పత్తి కేంద్రముల నుండి చేపపిల్లలు లారీలలో మన చెరువు కట్టకు వచ్చుచున్నవి. తెలంగాణలో 2016-17 నుండి ప్రభుత్వమే చెరువులలో ఉచితముగా పిల్లలను వదలు పథకమును చేపట్టినది. కనుక ఈ ఏడు చెరువులోని బొచ్చెలన్నిటిని పట్టివేసినను వచ్చే ఏడు మరల పిల్లలను తెచ్చుకొనవచ్చును.

కొర్రమీను సంగతి అట్లు కాదు. దాని పిల్లలను ఉత్పత్తి చేయు కేంద్రములు లేకపోలేదు గాని, పిల్లలు ఒకదానినొకటి తినివేయు స్వభావము గలవి యగుటచేత పెంపకములో నష్టము హెచ్చు, ధర హెచ్చు. ఊరిచెరువులో నేడు గాలమునకు తగులు కొర్రమీను దాదాపు ఎల్లప్పుడు ఆ చెరువులోనో, దాని కాలువలలోనో పుట్టినదే. 2016లో తెలంగాణ ప్రభుత్వము కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించినది. గౌరవము మంచిదే గాని, బిరుదు ఇచ్చినంత మాత్రమున సంతతి పెరుగదు. పాతరలోని విత్తనపు గింజలను వండుకొని తిని, తొలకరికి దుక్కి దున్నువానిని మనము ఏమందుము? తొలకరిలో కొర్రమీనును పట్టువాడు చేయుచున్న పనియు అదియే.

కొర్రమీను కాపురము

వాన పడి చెరువులోనికి కొత్తనీరు రాగానే కొర్రమీనులు జతకట్టును. చెరువు అంచున, జానెడు మొదలు మోకాలిలోతు నీటిలో, తుంగ, నాచు, గడ్డి ఉన్నచోట రెండు చేపలును కలిసి గుండ్రముగా కొంత చోటు శుభ్రము చేసి గుడ్లు పెట్టును. బంగారు వన్నె గల ఆ గుడ్లు ఆవగింజలవలె నీటిపై పలుచగా తేలుచుండును. ఒకటి రెండు దినములలో పిల్లలు వెడలును. కొద్ది దినములకు అవి ఎరుపు రంగు దేరి, వేలకొలదిగా ఒక గుంపై, నీటిపై ఎర్రగుడ్డ పరచినట్లు కదలుచుండును. నాట్లు వేయుదినములలో తూము కాలువలలోను, మళ్ళ అంచులలోను ఈ ఎర్రని గుంపును చూడని రైతు అరుదు.

ఆ గుంపు క్రిందనే తల్లియు తండ్రియు కావలి తిరుగుచుండును. జెల్ల వచ్చినను, నీటిపాము వచ్చినను, కప్ప దూకినను మీదబడి తరిమివేయును. పిల్లలు రెండంగుళముల వరకు ఎదిగి, ఎరుపు పోయి నలుపు తిరిగి, తమంతట తాము చెదరిపోవు వరకు ఈ కాపలా సాగును. ఇది ఇంచుమించు నెల, నెలన్నర దినముల పని. అంతకాలము ఆ రెండు చేపలు ఆ గుంపును విడిచి దూరము పోవు.

కొర్రమీనునకు మొప్పలతోబాటు తలలో గాలిని పీల్చుకొను అరలు కలవు. అందువలననే బురదలో దాగి ఎండకాలము గడుపగలదు, తడినేలమీద ప్రాకి మరియొక గుంటకు పోగలదు. కాని ఈ వరమే దానికి శాపము కూడ. గాలికొరకు మాటిమాటికి నీటిపైకి రాక తప్పదు. పైన ఎర్రని గుంపు, ప్రక్కనే గాలికొరకు లేచిన తల. చేప ఎక్కడ ఉన్నదో వెదకవలసిన పనియే లేదు. గాలమునకు కప్పపిల్లను గ్రుచ్చి ఆ గుంపులో ఆడించిన చాలును. చేప ఆకలిచేత గాక, పిల్లలకు హాని వచ్చినదను కోపముచేత దానిని కరచును. ఒక గడియలో తల్లి, మరుగడియలో తండ్రి దొరకును. అది నేర్పరితనము కాదు. వేసవిలో లోతునీటిలోని కొర్రమీనును గాలమునకు ఎక్కించుటయే నేర్పు.

తల్లిదండ్రులు పోయిన పిల్లలగుంపు ఎన్నాళ్ళు నిలుచును? జెల్లలు, వాలుగలు, నీటిపాములు, కొంగలు వచ్చి పడును. ఒక లెక్క వేసి చూడుడు. గుంపులో రెండువేల పిల్లలున్నవనుకొందము. నూటికి ఒకటి మాత్రమే బ్రతికి పెద్దదైనను ఇరువది చేపలు. ఒక్కొక్కటి ముప్పాతిక కిలో తూగినచో పదునైదు కిలోలు. దానికి బదులుగా నేడు చేతికి వచ్చునది రెండు చేపలు, మహా అయిన రెండు కిలోలు. ఏ రైతైనను ఇట్టి బేరము చేయునా?

ఇతర దేశములవారి అనుభవము

ఇట్టి స్వభావము గల చేప మన దేశమున మాత్రమే లేదు. అమెరికా, కెనడా దేశములలోని చెరువులలో బాస్ అను చేప గాలపు వేటకాండ్రకు ప్రాణము. అచట వసంతకాలమున నీరు 15, 16 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడెక్కగానే మగబాస్ ఒడ్డుచేరువ నేలను తోకతో ఊడ్చి గూడు చేయును. ఆడుచేప గుడ్లు పెట్టి పోవును. మగచేప ఒక్కటే గుడ్లను, పిల్లలను కాయును. ఆ దినములలో గూటిమీది బాస్ గాలమును తేలికగా కరచును. అచటి మత్స్యశాస్త్రజ్ఞులు పరిశీలించి చూడగా, పట్టిన చేపను కొద్ది నిమిషములలోనే తిరిగి నీటిలో విడిచినను, ఆ లోపుగనే చిన్నజాతి చేపలు గూటిపై పడి గుడ్లను తినివేయుట కనబడినది. అందుచేతనే దక్షిణ అంటారియోలోని అనేక చెరువులలో జూన్ రెండవ సగము వచ్చువరకు బాస్‌ను పట్టి ఇంటికి తీసికొనిపోవుట నిషేధము.

అచటివారిలో అనేకులు వినోదమునకై పట్టి, తిరిగి విడిచెదరు. మనము కూరకై పట్టెదము. విడుచువారికే ఒక కాలనియమము అవసరమైనచో, తినువారికి ఎంత అవసరమో వేరుగ చెప్పనక్కరలేదు. మన సముద్రతీరమునను ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిలుపుదల చేయబడుచున్నది. సముద్రమునకు పనికివచ్చిన నియమము చెరువునకు పనికిరాదా?

కొందరి ఆక్షేపణలు

కొర్రమీను ఇతర చేపపిల్లలను తినును గనుక దానిని నిర్మూలించుటయే మేలని కొందరందురు. ఇందులో కొంత నిజము గలదు. చిన్నపిల్లలను పెంచు నారుగుంటలలో కొర్రమీను ఒక్కటి యున్నను నష్టమే. అచట దానిని తప్పక తీసివేయవలెను. కాని వంద ఎకరముల ఊరిచెరువు నారుగుంట కాదు. అచట అది కప్పలను, పురుగులను, పనికిరాని చిరుచేపలను తిని పెరుగును. చెరువులో వదలు బొచ్చె, శీలవతి పిల్లలను మూడు నాలుగు అంగుళముల వరకు పెంచి వదలినచో నష్టము చాలవరకు తప్పును. ధర హెచ్చు గల చేపను ధర తక్కువ చేపకొరకు చంపుట లెక్కకు నిలువదు.

మత్స్యకారుల జీవనమునకు భంగము కలుగునని మరికొందరందురు. ఇది ఆలోచింపవలసిన మాటయే. అందుకే మేము చెరువునంతటిని మూయుమనుట లేదు. పెద్దకన్నుల వలలతో బొచ్చె, శీలవతి, బంగారుతీగలను పట్టుకొనవచ్చును. ఆ వలలో కొర్రమీను పడినచో అది ప్రాణముతోనే యుండును గనుక తిరిగి నీటిలో వేయవలెను. నష్టము కొద్దిపాటిది, రెండు మాసములది. లాభము వచ్చునది కూడ ఆ మత్స్యకారులకే.

“నేను విడిచిన చేపను మరియొకడు పట్టుకొనును” అనుట అన్నిటికంటె గట్టి ఆక్షేపణ. నిజమే. ఒక్కడు విడిచినందున ప్రయోజనము లేదు. అందుచేతనే దీనిని వ్యక్తి మంచితనమునకు వదలక, గ్రామ కట్టుబాటుగా చేయవలెనని చెప్పుచున్నాము.

గ్రామము చేయవలసిన పని

రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో మత్స్యపరిశ్రమ యొకటి. కనుక పంచాయతీ, మత్స్య సహకార సంఘము, ఆయకట్టు రైతులు కలిసి కూర్చుండి ఈ క్రింది విషయములను నిర్ణయించుకొనవలెను.

మొదటిది. రోహిణి కార్తెలోనే దండోరా వేయించి, మృగశిర మొదలు పుష్యమి ముగియువరకు, అనగా సుమారు జూన్ 8 నుండి ఆగస్టు 2 వరకు, కొర్రమీనును గాలముతో గాని, ఊతతో గాని పట్టరాదని అందరికి తెలుపవలెను. ఎర్రని పిల్లలను గుడ్డలతో, దోమతెరలతో తోడుటయు మాన్పవలెను. తారీఖులు మరచువారు కూడ కార్తెలను మరువరు.

రెండవది. మృగశిర నాడు చేప తినుట మనలో ఆచారము. ఆనాడు చేపలకు ఉన్న గిరాకి ఏడాదిలో మరునాడు ఉండదు. సరిగా అప్పుడే కొర్రమీను కడుపులో గుడ్లు నిండియుండును. ఆచారము చేప తినుమన్నది గాని కొర్రమీనునే తినుమనలేదు. ఆనాటికి బొచ్చెనో, శీలవతినో వండుకొనుడు.

మూడవది. చెరువు కౌలు సంవత్సరము ఎక్కువచోట్ల జూన్ 30తో ముగియును. గడువు తీరుచున్న కౌలుదారునకు వచ్చే ఏటి చేపతో పనియేమి? ఉన్నదంతయు ఊడ్చుకొని పోజూచును. మే మాసములో మోటార్లు పెట్టి తూము దగ్గరి చివరి మడుగును కూడ తోడివేయుట ఇందువలననే. ఆ మడుగులో మిగిలిన పది ఇరువది చేపలే తొలకరికి తల్లిచేపలు. కనుక చివరి మడుగును తోడరాదనియు, పైని రెండు మాసముల నియమమును పాటింపవలెననియు కౌలు షరతులలోనే వ్రాయించుట గ్రామోద్యోగుల విధి. పశువులకు నీరు మిగులుట అదనపు లాభము.

నాలుగవది. మందుగుండు పేల్చి, విషము కలిపి చేపలను పట్టుట 1897 నాటి భారత మత్స్యచట్టము ప్రకారమే నేరము. కరెంటు తీగ నీటిలో పెట్టుట మనిషి ప్రాణమునకే ముప్పు. ఇట్టివి చూచి ఊరకుండరాదు.

ఐదవది. తూము కాలువలలోను, వరిమళ్ళలోను పిల్లలగుంపు కనబడినప్పుడు కొన్ని దినములు ఆ మడిలో పురుగుమందు చల్లకుండుట, చల్లక తప్పనిచో ఆ నీటిని కాలువలోనికి వదలకుండుట రైతు చేతిలోని పని.

రైతు సోదరులారా! వీటిలో దేనికిని పైకము అక్కరలేదు, సబ్సిడీ అక్కరలేదు. చెరువుకట్ట మీద ఒక పూట కూర్చుండి అందరు ఒక మాట అనుకొన్న చాలును. ఈ సంవత్సరము మీ ఊరిలో ఒక్క చెరువులో చేసి చూడుడు. రెండు తొలకరులు గడచునప్పటికి ఎర్రని గుంపులు ఎన్ని కనబడునో మీరే లెక్కించుకొనుడు. ఆ పైని వేసవిలో గాలము వేయుటకు కూర్చుండిన కుర్రవానికి కొర్రమీను దొరకుట దొరకకపోవుట మీ నేటి మాటమీదనే ఆధారపడి యున్నది.