ఆహారభీతి – కుటుంబ బాధ్యత

కంచం ముందు కూర్చున్న బిడ్డ ముద్ద మింగలేక కంటతడి పెడితే పెద్దలు దానిని మొండితనమంటారు. కాని నానాటికీ చిక్కిపోతూ, ఇంకా లావుగా ఉన్నానని తల్లడిల్లే కౌమార బాలిక స్థితి మొండితనం కాదు. ప్రాణాపాయం తేగల వ్యాధి. 1874లో లండను వైద్యుడు విలియం గల్ దీనికి అనొరెక్సియా నెర్వోసా అని పేరిడినాడు. బాలురకూ ఇది వస్తుంది. ఆకలి చచ్చిపోవడం కన్న బరువు పెరుగుతుందన్న భయమే దీని మూలలక్షణం.

బంధుమిత్రులు సాధారణంగా ఈ రోగికి తగిన పరిచారకులు కారని గల్ తలచినాడు. తరువాతి కాలంలో తల్లిదండ్రులే దోషులన్న భావం కూడ ప్రబలింది. ఈ భావాన్ని విడనాడవలెనని మా అభిప్రాయం.

లండనులోని మాడ్స్లీ ఆసుపత్రి వైద్యులు 1987లో ప్రకటించిన పరిశోధనలో, చిన్న వయసున వ్యాధి సోకి మూడేండ్లు దాటని వారికి కుటుంబ చికిత్సయే ఎక్కువ మేలు చేసింది. ఈనాడు ఆ పద్ధతిలో తొలుత భోజన నిర్ణయం తల్లిదండ్రులు వహిస్తారు. బరువు కోలుకొన్న కొలదీ ఆ బాధ్యతను బిడ్డకు మరల అప్పగిస్తారు. నింద, బెదిరింపు అక్కడ నిషిద్ధాలు.

ఇది సర్వరోగ నివారిణి కాదు. 2010లో అమెరికాలో వెలువడిన పరిశోధనలో, చికిత్స ముగిసిన ఏడాదికి పూర్తిగా కోలుకొన్నవారు కుటుంబ చికిత్సలో నూటికి 49 మంది, వ్యక్తిగత చికిత్సలో 23 మంది. ఇంటిలోనే హింస ఉన్నచోట వేరు మార్గం వెదకవలసిందే. అయినా నిరాశ తగదు. బోస్టన్ ప్రాంతపు రోగులను దీర్ఘకాలం పరిశీలించగా, తొమ్మిదేండ్లకు నూటికి 31 మంది, 22 ఏండ్లకు సుమారు 63 మంది కోలుకొన్నట్లు 2017లో తెలిసింది. ఆలస్యంగానైనా ఆరోగ్యం రాగలదు. అయితే ఆ లోపల ఎముకలు, గుండె క్షీణించవచ్చు, కొందరు మరణిస్తారు. కనుక వేచి చూడడం వివేకం కాదు.

మా విద్యార్థినులకూ, వారి తల్లిదండ్రులకూ ఒక మనవి. రంజాన్ ఉపవాసం ప్రతి సాయంత్రం ఇఫ్తార్‌తో ముగుస్తుంది. ఈ రోగి ఉపవాసానికి అటువంటి సాయంత్రం లేదు. ఉపవాసం నుండి రోగికి ఖుర్ఆన్ మినహాయింపు నిచ్చింది. భక్తి చాటున బిడ్డ కృశిస్తున్నదేమో గమనించండి. వెంటనే వైద్యుని కడకు కొనిపొండి. పిమ్మట ఓర్పుతో ఆమె ప్రక్కన కూర్చుండి, కలిసి భుజించండి.