నాలుగు బొడిపెల అంబాసిడర్

వార్షికోత్సవ సంచికకు వ్యాసం అడిగినప్పుడు క్రమశిక్షణ గురించో, పోటీ పరీక్షల గురించో రాస్తామని తమ్ముళ్ళు అనుకుని ఉంటారు. మేము బొమ్మ కార్ల గురించి రాస్తున్నాం. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ చివరిదాకా చదవండి.

దసరా సెలవులయ్యాక హాస్టల్‌కి వచ్చినప్పుడు ఏడో తరగతి పిల్లలు ఒక అట్టపెట్టె తెచ్చి చూపించారు. బెజవాడ బీసెంట్ రోడ్డు ఫుట్‌పాత్ మీద మా బ్యాచ్ వాడొకడు బేరమాడి కొనిచ్చిన ప్లాస్టిక్ ఇటుకలవి. అసలు లెగో కాదు, అదే కొలతల్లో పేరు లేని సరుకు. అందులో ఉన్నది ఒక పాతకాలపు పోలీసు కారు. ఎలా కట్టాలో చూపే కాగితం సగం చిరిగింది. పిల్లలు ఆ కారుని మూడుసార్లు కట్టి, విప్పి, విసుగొచ్చి అవే ముక్కలతో అంబాసిడర్ చేద్దామని కూర్చున్నారు. మన హాస్టల్‌కి ఎవరైనా పెద్ద ఆఫీసరు వచ్చారంటే ఒకప్పుడు గేటు ముందు ఆగేది ఆ తెల్ల కారే కదా! 2014లో దాని తయారీ ఆగిపోయింది, 2017లో ఎర్రబుగ్గలూ పోయాయి. అయినా పిల్లల లెక్కలో కలెక్టరు గారి కారంటే ఇప్పటికీ అదే.

ఇక్కడే అసలు పని మొదలైంది. ఈ ఇటుకల్లో బొడిపెకీ బొడిపెకీ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. మూడు పలకలు పేరిస్తే ఒక ఇటుక ఎత్తు. అంబాసిడర్ పొడవు సుమారు 4.3 మీటర్లు, వెడల్పు సుమారు 1.7 మీటర్లు. అంటే వెడల్పుకి రెండున్నర రెట్లు పొడవు. కారు వెడల్పు నాలుగు బొడిపెలనుకుంటే పొడవు పది రావాలి. ఈ లెక్క పిల్లలకి ఎవరూ చెప్పలేదు. ఎనిమిది పెట్టి చూశారు, ఆటోలా ఉంది. పన్నెండు పెట్టారు, వ్యానులా ఉంది. పదికి వచ్చి ఆగారు. తర్వాత గుండ్రటి బానెట్. చేతిలో ఉన్నవన్నీ చదరపు ముక్కలే! పలకని ఒక్కో బొడిపె వెనక్కి జరుపుకుంటూ మెట్లు మెట్లుగా వంపు తెచ్చారు. మేము ఒక గంట సేపు నోరు మెదపకుండా చూస్తూ నిలబడ్డాం.

ఎందుకంటే ఒకప్పుడు ఇలాంటి ఆటని ఆపినవాళ్ళం మేమే. ఇంటర్‌లో ఉండగా, తెగిన స్లిప్పర్లు గుండ్రంగా కోసి చక్రాలు చేసుకునే చిన్నవాళ్ళని కసిరి పుస్తకాల ముందు కూర్చోబెట్టాం. మా ఇళ్ళలో డిగ్రీ చదివిన మొదటి తరం మేము. కూలికి పోయే అమ్మానాన్నలు పంపింది ఆడుకోవడానికా అని మాకు మేమే చెప్పుకున్నాం. ఆ తర్వాత బి.టెక్ మొదటి సంవత్సరంలో ఇంజనీరింగ్ డ్రాయింగ్ వచ్చింది. ఒక వస్తువుని ముందు నుంచి, పై నుంచి, పక్క నుంచి చూస్తే ఎలా ఉంటుందో గీయమన్నారు. ఇంట్లో ఇలాంటి ఇటుకలతో ఆడుకుని వచ్చిన వాళ్ళు చకచకా గీసేశారు. మాలో ముగ్గురం ఆ పేపరు తప్పాం. తెలివి తక్కువై కాదు. వస్తువుని చేత్తో తిప్పి, విప్పి, మళ్ళీ కట్టిన అలవాటు లేక. స్లిప్పరు చక్రాలు చేసేటప్పుడు అలవడుతున్న దాన్ని మధ్యలో తుంచేసుకున్నాం.

ఇదేదో విదేశీ సరదా అనుకోనక్కర్లేదు. లెగో మొదలుపెట్టింది డెన్మార్క్‌లోని బిల్లుండ్ అనే ఊళ్ళో ఒక వడ్రంగి. 1932 నుంచి ఓలే కిర్క్ క్రిస్టియన్సెన్ చెక్క బొమ్మలే చేశాడు. ప్లాస్టిక్ ఇటుకకి ఇప్పుడున్న రూపం 1958లో వచ్చింది. మన పక్కనే ఉన్న కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కతో ఎడ్లబండి చేసేవాళ్ళూ ఏ భాగానికి ఆ భాగం విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ముక్కల్లో ఆలోచించడం ఈ చుట్టుపక్కల కొత్త విద్య కాదు. (2022లో మనల్ని ఎన్టీఆర్ జిల్లాలో కలిపారు గానీ, కొండపల్లి బొమ్మని కృష్ణా జిల్లా బొమ్మ అనకపోతే మాకు నోరు తిరగదు.) తేడా ఏమిటంటే అతికించిన బొమ్మ అలాగే ఉంటుంది, ఇటుకలు విప్పుకోవచ్చు. ఎనిమిదేసి బొడిపెల ఒకే రంగు ఇటుకలు రెండింటిని 24 రకాలుగా కలపవచ్చు. అలాంటివి ఆరుంటే 91,51,03,765 రకాలుగా కలపవచ్చని గణిత శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. తప్పు కట్టినా పోయేదేమీ లేదు. ఒక్క తప్పుకి ఏడాది పోయే చదువుల్లో ఉన్న మనకి ఆ వెసులుబాటు ఇంకెక్కడుంది?

లెగో వాళ్ళ పాత ఊరి కార్లు నాలుగు బొడిపెల వెడల్పే ఉండేవి. 2015లో వచ్చిన స్పీడ్ ఛాంపియన్స్ కార్లు ఆరు, 2020 నుంచి ఎనిమిది. పెద్దవైన కొద్దీ అచ్చం అసలు కారులా ఉంటాయి, నిజమే. మా ఓటు మాత్రం పాత నాలుగుకే. నాలుగులో అన్నీ పట్టవు. ఏది ఉంటే అది అంబాసిడర్ అనిపిస్తుందో, ఏది వదిలేసినా ఫరవాలేదో పిల్లవాడే తేల్చుకోవాలి.

మెస్ ఛార్జీలు, కాస్మెటిక్ ఛార్జీలు ఉన్నాయి. ఆటంటే వాలీబాల్ వరకే. అందుకని పూర్వ విద్యార్థులను అడుగుతున్నాం. వార్షికోత్సవానికి శాలువాలు, మెమెంటోలు మానేసి, రీడింగ్ రూములో ఒక బీరువా అర నిండా ఇటుకలు పోయించండి. తాళం వేయకండి. కట్టే కాగితాలు ఒకటి రెండు చాలు, మిగతాది పిల్లలు చూసుకుంటారు. మన రోడ్డు మీద పోయే టిప్పర్లు, పాలవ్యాను, మైలవరం బస్సు, అన్నీ వాళ్ళ జాబితాలో ఉన్నాయి.

అంబాసిడర్ ప్రస్తుతం రీడింగ్ రూము కిటికీలో ఉంది. తెల్ల ముక్కలు చాలక డిక్కీ నీలం రంగులో వచ్చింది. హెడ్‌లైట్లకి గుండ్రటి ముక్కలు రెండు కావాలి. వచ్చేవాళ్ళెవరైనా బెజవాడ మీదుగా వస్తుంటే పట్టుకురండి.