బల్లకు అంచు

పోయిన ఏడు మనవరాలు చదువుకునేదానికి నేనే ఒక బల్ల చేస్తిని. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. రంపపు పొట్టును ఒత్తి చేసిన పార్టికల్ బోర్డు, పైన సన్‌మైకా. "అంచుకు పట్టీ వేయండి మామా" అని కోడలు చెప్పింది. "పైన మైకా ఉంది కదమ్మా, పక్కన ఎవరు చూస్తారు" అంటిని.

పక్కన నీళ్ళు చూసినాయి. తడిగుడ్డతో తుడిచినప్పుడల్లా, నీళ్ళ సీసా ఒలికినప్పుడల్లా అంచు తాగింది, ఉబ్బింది. మైకా లేచి బ్లేడు మాదిరి అయింది. పాప చేతిరుమాలు మడిచి మణికట్టు కింద పెట్టుకుని రాస్తా ఉండేది. తాత నొచ్చుకుంటాడని నాతో అనలేదు. గీసుకున్న చెయ్యి కోడలే చూపించింది.

మగ్గాల దగ్గర నిలబడినవాళ్ళం, మనకు తెలియనిదా ఇది? షటిల్ మగ్గంలో పేకదారం అంచు దారాలను చుట్టుకుని వెనక్కి వస్తుంది. అందుకే గుడ్డ విడిపోదు. షటిల్ లేని మగ్గాల్లో పేక ప్రతిసారీ తెగుతుంది కాబట్టి అంచును వేరేగా కట్టాలి. కోసిన బోర్డు కూడా అంతే. మైకా అంటాం గానీ అది జిగురుపాకంలో తడిపి వేడిమీద ఒత్తిన కాగితాల పొరలు. మీద నీళ్ళు దిగవు. పక్క మాత్రం తెరిచిన తలుపే.

ఉబ్బిన పార్టికల్ బోర్డు ఎండబెట్టినా మళ్ళీ దిగదు. అందుకని నాలుగు వైపులా అంగుళం కోయించేస్తిని. బాగేపల్లి నుంచి చింతామణికి పోయినప్పుడు పట్టీ తెచ్చుకుంటిని. అంగట్లో ఎడ్జ్ బ్యాండ్ అని అడగండి. నా బోర్డు 18 మిల్లీమీటర్లు, మైకా 1. పట్టీ వెడల్పు 22 తీసుకుంటే పైనా కిందా కొంచెం మిగులుతుంది, దాన్ని తర్వాత గీకెయ్యొచ్చు. చుట్టుకొలత 11 అడుగుల 4 అంగుళాలు వచ్చింది. నేను 13 అడుగులు కొన్నాను.

ముందు ఉప్పు కాగితాన్ని నేరుగా ఉన్న చెక్కముక్కకు చుట్టి అంచును రుద్దండి. దుమ్ము పూర్తిగా తుడవండి. తెల్ల జిగురు వద్దు. అందులోని నీళ్ళను చెక్క పీల్చుకుంటేనే అది ఆరేది, ప్లాస్టిక్ పీల్చదు. మైకా అతికించే రబ్బరు జిగురు కావాలి. అంచుకూ పట్టీకీ రెండింటికీ పలచగా పూయండి. బోర్డు మొదటి పూత తాగేస్తుంది కాబట్టి, అది ఆరినాక అంచుకు ఇంకోసారి పూయండి. వేలు పెడితే అంటుకోనంత వరకు ఆగండి. నేను మొదటిసారి తొందరపడి తడిమీదే ఒత్తితే పొద్దున్నే పట్టీ ఊడి వేలాడింది. ఈ పని వసారాలో చేయండి. దగ్గర్లో పొయ్యి, దీపం, బీడీ ఉండకూడదు. ఆ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది.

వెనక వైపు ముందు, తర్వాత రెండు పక్కలు, ఆఖరికి ముందువైపు అతికించండి. అప్పుడు ముందు పట్టీ పక్క పట్టీల కొనలను మూసేస్తుంది, చేతికి అతుకు తగలదు. ఒక కొన నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా ఒత్తుకుంటూ పోండి. ఒకసారి తగిలితే మళ్ళీ జరపలేం. గుడ్డ చుట్టిన చెక్కతో గట్టిగా రుద్దండి.

రాత్రంతా వదిలేసి, మిగిలిన దాన్ని ఆకురాయితో గీకండి. ఆకురాయిని ఎప్పుడూ బయటినుంచి బల్లవైపుకే తోయాలి. బయటికి లాగితే పట్టీ లేచిపోతుంది. చివరికి ఉప్పు కాగితంతో మొన విరిచేయండి. జిగురు ముందే పూసి వచ్చే పట్టీలూ దొరుకుతాయి. వాటిమీద గుడ్డ వేసి, ఆవిరి లేకుండా ఇస్త్రీపెట్టెతో ఒత్తితే చాలు.

ఒక మూల నాకు సరిగ్గా కుదరలేదు. దాన్ని గోడవైపు తిప్పి పెట్టాను. పాప వచ్చి అంచు మొత్తం వేలితో తడిమింది, ఆ మూల కూడా. "బాగుంది తాతా" అని కూర్చుని లెక్కలు మొదలుపెట్టింది. రుమాలు సంచిలోనే ఉండిపోయింది.

ఇంట్లో చేసిన బల్ల ఉన్నవాళ్ళు ఈ రోజే అంచుమీద చెయ్యి పెట్టి చూడండి. గరుకు తగిలితే వానలకు ముందే పట్టీ వేయండి. పిల్లలు చెప్పేదాకా కాచుకోవద్దు, చాలామంది చెప్పరు.

వచ్చే నెల, ఊగే కుర్చీ కాలు గురించి రాస్తాను.