లేమి చెప్పిన సాక్ష్యం

తర్కశాస్త్రం అభ్యసించేవారికి తొలినాళ్లలోనే ఎదురయ్యే ఉదాహరణ పొగ, నిప్పు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటయింటిలో వలె, ఇది అన్వయం. నిప్పు లేనిచోట పొగ ఉండదు, మడుగులో వలె, ఇది వ్యతిరేకం. రెండూ కుదిరినప్పుడే ఆ సంబంధం స్థిరపడుతుందని పూర్వులు భావించారు. మనం మాత్రం తరచుగా మొదటిదానితోనే తృప్తిపడతాం. తాయెత్తు కట్టుకొన్నాక జ్వరం తగ్గితే దాని మహిమే అంటాం. కట్టుకోనివారికి తగ్గిందో లేదో విచారించం. ఈ రెండో ప్రశ్న విలువ తెలియాలంటే మానవ జన్యువుల స్థాననిర్ణయ చరిత్రను మించిన పాఠం లేదని నా అభిప్రాయం.

మానవకణంలో 46 క్రోమోజోములు ఉన్నాయని 1956లో ప్రకటితమైంది. రకాలుగా లెక్కిస్తే అవి 24: సంఖ్యలతో పిలిచేవి 22, ఎక్స్, వై అనేవి రెండు. వీటిలో ఏ జన్యువు దేనిపై ఉందో కనుగొనడం ఎలా? ఈగలను, మొక్కజొన్నను కోరిన విధంగా సంకరం చేసి చూడవచ్చు. మనుషుల విషయంలో అది తలపెట్టరాని పని. పైగా ఒక తరానికి పాతికేళ్లు పడుతుంది. వర్ణాంధత్వం తల్లి ద్వారా కుమారులకు సంక్రమించే తీరును బట్టి దాని జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉందని 1911లోనే ఊహించగలిగారు. మిగిలిన 22 రకాల విషయంలో దారి దుర్గమంగానే ఉండిపోయింది.

1965లో ఆక్స్‌ఫర్డ్‌లో హెన్రీ హారిస్, వాట్కిన్స్ అనే శాస్త్రజ్ఞులు మనిషి కణాన్ని, ఎలుక కణాన్ని ఒకటిగా కలిపారు. జపాన్‌లోని సెండాయ్ నగరం పేరు గల వైరస్‌ను నిర్వీర్యం చేసి అందుకు సాధనంగా వాడారు. ఆ మానవకణాలు 1951లో మరణించిన హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి అమెరికన్ మహిళ కణితి నుంచి, ఆమె అనుమతి లేకుండా తీసి పెంచినవి. ఆమె అసలు పేరు చాలాకాలం లోకానికి తెలియకపోవడం విజ్ఞానచరిత్రకు శోభనిచ్చే విషయం కాదు.

1967లో న్యూయార్క్‌లో మేరీ వైస్, హవర్డ్ గ్రీన్ ఇటువంటి సంకర కణాలలో ఒక వింత గమనించారు. కణాలు విభజన చెందేకొద్దీ ఎలుక క్రోమోజోములు నిలుస్తున్నాయి. మనిషివి ఒక్కొక్కటిగా జారిపోతున్నాయి. పైపైన చూస్తే ఇది ప్రయోగానికి విఘ్నమే. వారు దానినే ఉపకరణంగా మలచుకొన్నారు. వారు ఎంచుకొన్న ఎలుక కణాలలో థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైము లేదు. ఆ ఎంజైము లేని కణం బతకలేని పోషకద్రవంలో పెంచినప్పుడు, దాని మానవ జన్యువును నిలుపుకొన్న సంకర కణాలే మిగిలాయి. ఎన్ని క్రోమోజోములు పోయినా వాటిలో ఒకటి మాత్రం పోలేదు. ఇది అన్వయం. బ్రోమోడీఆక్సీయూరిడిన్ అనే పదార్థం కలిపిన ద్రవంలో పరిస్థితి తలకిందులవుతుంది. ఎంజైము ఉన్న కణం దానిని థైమిడిన్‌గా భ్రమించి స్వీకరించి నశిస్తుంది. ఆ క్రోమోజోమును కోల్పోయిన కణమే బతికి బట్టకడుతుంది. ఇంతకన్నా స్పష్టమైన వ్యతిరేకాన్ని నేను ఎరుగను. అయితే ఒకే పరిమాణం గల క్రోమోజోములను వేరుపరచడం అప్పటికి కష్టం. చారలు కనబడేటట్లు రంగువేసే పద్ధతులు 1970 ప్రాంతంలో వచ్చాక అది 17వ క్రోమోజోమని తేలింది.

అటుపిమ్మట ఇది ఒక ఎంజైముతో ఆగలేదు. వేర్వేరు క్రోమోజోములను కోల్పోయిన సంకర కణవంశాలను వరుసగా పేర్చి, ఏ లక్షణం దేనితో ఉంటోంది, దేనితో పోతోంది అని పట్టికలు వేశారు. గణితం చూడండి: ఉండడం, లేకపోవడం అనే రెండు స్థితులతో 5 కణవంశాలకు 32 విన్యాసాలు ఏర్పడతాయి. సరిగా ఎంచుకొంటే 24 రకాలనూ గుర్తుపట్టడానికి సూత్రప్రాయంగా ఇవి చాలు. ఆచరణలో అంతకంటే ఎక్కువే వాడారు; ఎందుకంటే క్రోమోజోము విరిగి, కంటికి కనబడని తునక ఏ కణంలోనో దాగి ఉండవచ్చు. అందుచేత ఒక్క కణవంశం ఎదురు తిరిగినా మళ్లీ పరీక్షించక తప్పలేదు. ఇన్సులిన్ జన్యువు 11వ క్రోమోజోముపై ఉందని 1980లో నిర్ధారించింది ఈ మార్గంలోనే.

మానవ జన్యుపటం 2003లో చాలావరకు, 2022లో ఖాళీలు లేకుండా పూర్తయింది. నేడు యంత్రాలు జన్యులిపిని నేరుగా చదువుతున్నాయి. అవి చదివినప్పుడు కూడా థైమిడిన్ కైనేజ్ జన్యువు 17వ క్రోమోజోముపైనే కనిపించింది.